గుమ్మం దాటని పుస్తకాలు

ఎదురుగోడ మీద 'నిశ్శబ్దం పాటించండి' అని రాసి ఉంది. వెంకటవ్వ చదవాలని చదవలేదు. కళ్లు అటు పడ్డాయి, అక్షరాలు లోపలికి వచ్చి కూర్చున్నాయి. అక్షరం వచ్చినవాళ్లకు ఇదొక బాధ, కంటికి రెప్పలుండీ లేనట్టే. మూసుకుందామంటే రుచిత లోపలికి పోయిన తలుపు కనపడదు. ఆ తలుపు మీద కూడా ఒక కాగితం అతికించారు, 'లైబ్రరీ సైన్సు పి.జి. మౌఖిక పరీక్ష' అని, ఒక మూల ఊడి ఫ్యాను గాలికి కొట్టుకుంటోంది. లోపల ముగ్గురు. పిల్ల, పిల్లకు గైడుగా ఉన్న కృపారాణి మేడం, వేరే ఊరి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్ష సారు. మేడం గొంతు వినపడుతోంది, సారు దగ్గు వినపడుతోంది, మనవరాలి గొంతే వినపడటం లేదు. ఏం చెబుతున్నదో. చెప్పొద్దన్నది చెబుతున్నదో. పొద్దున కోరుట్లలో బస్సెక్కినప్పటి నుంచి జగిత్యాలలో దిగేదాకా రుచిత కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. "సారుకు ఏం చెప్తవే బిడ్డ?" అంటే "అడిగినదానికి జవాబు చెప్త" అన్నది. అంతే. వాళ్ల అమ్మ శాంత కూడా ఇట్లాగే ఉండేది, ముఖం తిప్పుకుందంటే ఇక రాయి మాట్లాడుతుంది గానీ అది మాట్లాడదు. శాంత సిరిసిల్ల బస్సెక్కిన రోజు కూడా కిటికీలోంచి ఇటు చూడలేదు, అటే చూసింది. ఆ బస్సు వెనక్కు వచ్చింది, మనిషి రాలేదు, జ్వరమట, ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అట, ఆ 'అట'లన్నీ మోసుకొచ్చింది కూడా ఆ సిరిసిల్ల బస్సే.

సిరిసిల్ల. ఆ మాటతోనే తనకు చదువు వచ్చింది. బడికి పోలేదు, పలక పట్టలేదు. సిరిసిల్లలో మగ్గం గుంట పక్కన పుట్టి, కోరుట్లకు కోడలిగా వచ్చి, నెలకో రెణ్నెల్లకో చూడవచ్చే తల్లిని సాయంత్రం బస్టాండులో సాగనంపుతూ నిలబడేది. ఏ బస్సు తల్లిని తీసుకుపోతుందో ముందే కనిపెట్టాలని బోర్డులు చూసేది, కనిపెడితే ఆ ఒక్క నిమిషమైనా ఎక్కువ పట్టుకోవచ్చని. తల్లిని తీసుకుపోయే బోర్డు మీద ఒకే బొమ్మ రెండుసార్లు ఉండేది, మొదట ఒకసారి, ఒకటి విడిచి ఇంకోసారి. సి, రి, సి, ల్ల. నోట్లో కూడా ఆ చప్పుడు రెండుసార్లే వస్తుంది కదా అని ఒకనాడు తట్టింది. ఒళ్లు జలదరించింది. నోట్లోంచి వచ్చే చప్పుడే అక్కడ బొమ్మై కూర్చుందన్నమాట. తర్వాత రి అన్నది ధర్మపురి చివర దొరికింది, ల్ల అన్నది మెట్‌పల్లి చివర తల మీద ఏదో చుట్టుకుని దొరికింది, కథలాపూర్ కాస్త మొండికేసింది. తల్లి ఏడుస్తూ బస్సెక్కుతుంటే కూతురు ఏడవకుండా బోర్డు వంక నోరు కదుపుతూ చూస్తోంది. "నీకు కడుపుల పేగు లేదే" అన్నది తల్లి. ఉంది. పేగు ఉండబట్టే ఆ బోర్డును అంత గట్టిగా చూసింది. ఇక ఆ తర్వాత ఉప్పు కట్టిన కాగితం, బీడీ కట్టల మీది లేబులు, గోడ మీది సినిమా, ఏదీ విడిచిపెట్టలేదు. ఎవరూ నేర్పలేదు. ప్రతి అక్షరమూ ఎవరో ఒకరు వెళ్లిపోతుంటే వచ్చిందే.

తలుపు వెనక కుర్చీ జరిపిన చప్పుడు. ఎవరూ రాలేదు. వెంకటవ్వ కొంగు మొన చూపుడువేలికి చుట్టి విప్పి మళ్లీ చుట్టింది. వేళ్లు ఊరికే ఉండవు, బీడీ ఆకు చుట్టీ చుట్టీ అలవాటు. ఈ లైబ్రరీ చదువు గురించి పిల్ల మొదట చెప్పినప్పుడు నవ్వొచ్చింది. పుస్తకం చదవటానికి చదువు కావాలి గానీ పుస్తకం పెట్టటానికి కూడానా. "పెట్టుడు కాదు అమ్మమ్మా, దొరికేటట్టు పెట్టుడు" అన్నది. ప్రతి పుస్తకానికీ ఒక నంబరట, వీపు మీద రాస్తారట, ఆ నంబరే దాని ఇల్లట, తప్పు చోట పెట్టిన పుస్తకం ఉన్నా పోయినట్టేనట. ఆ మాటకు వెంకటవ్వ చేతిలో కత్తెర ఆగింది. శాంతను తప్పు చోట పెట్టింది తనే కదా. పుట్టిల్లు ఉన్న ఊరు కదా, నా బిడ్డ మా అమ్మకు దగ్గరగా ఉంటుంది కదా అని సిరిసిల్లకే ఇచ్చింది. ఇప్పుడు పిల్లకు ఆ సిరిసిల్లలోనే ఎవరిదో ప్రైవేటు కాలేజీలో లైబ్రేరియన్ కొలువు. ఈ నెలలో పట్టా చేతికొస్తే కొలువు, రాకపోతే వరుసలో వెనకున్న పిల్లకు. పట్టా రావాలని పొద్దున దేవుడికి మొక్కింది. మొక్కుతూ మొక్కుతూ మధ్యలో ఆగిపోయింది, ఏం మొక్కుతున్నానా అని. పిల్లను సిరిసిల్ల బస్సెక్కించమనే కదా.

పరీక్షల ముందు సెలవులకు ఇంటికొచ్చి రుచిత పాఠాలు పైకి చదివేది. వాకిట్లో చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే వాడకట్టు ఆడవాళ్లు చెవులు అటే పెట్టేవాళ్లు. వర్గీకరణ, సూచీకరణ, సమాచార పునఃప్రాప్తి. పక్కింటి రాబియా బీ ఎంతో శ్రద్ధగా విని విని, "ఆఖరికి గా సూచీకరణకు పెండ్లయిందా లేదానే? గింతగనం సాగదీస్తుండ్రు" అంది. పడి పడి నవ్వారు. పిల్ల కూడా పుస్తకం మూసి నవ్వింది. ఆ రోజు అట్లా నవ్విన ముఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలి, దానికి ఏ నంబరు వేసుకోవాలి, మళ్లీ కావాలంటే దొరకాలి కదా.

రాబియా బీ గొంతుకు ఎప్పుడూ అదే తొందర, కథ ఎట్లా ముగుస్తుందో ముందే తెలియాలి. పఠనాలయం అరుగు మీద కూడా అంతే. వాడకట్టు చివర పెంకుల గది, ముందు పెద్ద అరుగు. పాత దొరల ఇంటి నర్సింగ్ రావు తండ్రి పేరు నిలవాలని కట్టించి పుస్తకాలు నింపించాడు. పుస్తకం ఇంటికి తీసుకుపోవాలంటే డిపాజిట్టు కట్టాలి, సర్కారు నౌకరీ ఉన్న మనిషి జామీను సంతకం పెట్టాలి. బీడీలు చుట్టేవాళ్లకు జామీను ఎవరుంటారు. గదికి తాళాలు తీసి వేసే రసూలే ఉపాయం చెప్పాడు, పేదవాడు, సన్నగా ఈనెపుల్లలా ఉండేవాడు. "గుమ్మం దాటితేనే ఇచ్చినట్టు అక్కా. అరుగు గూడ గుమ్మం లోపటిదే అనుకో. కూసోండ్రి, సదువుకోండ్రి, ముద్ర లేదు, సంతకం లేదు. మసీదుల అజా ఇనవడంగనె లోపట వెట్టుండ్రి." అట్లా మొదలైంది. మధ్యాహ్నం తిండి తిని అందరూ చాటలు పట్టుకుని అరుగు మీదికి వచ్చేవాళ్లు. వెంకటవ్వ చదివేది. చదివే మనిషి చేతులు ఖాళీ ఉండవు కనుక ఆమె వాటా తక్కినవాళ్లు చుట్టేవాళ్లు, తలా ఇన్ని ఆమె చాటలో వేసేవాళ్లు. ఎవరూ లెక్క చెప్పింది లేదు, ఒక్కనాడు తక్కువ పడింది లేదు. కథలో ఏడుపు వచ్చిందంటే మాత్రం వేళ్లు పట్టు తప్పి బీడీలు వదులుగా వచ్చేవి. బీడీలు లెక్కపెట్టి తీసుకునే టేకేదారు వాటిని ఏరి పారేస్తూ "ఇయ్యాల ఎవ్వలు సచ్చిండ్రే కథల?" అనేవాడు. ఎవరో ఒకరు చచ్చేవాళ్లు. మళ్లీ తెల్లారి కొత్త పుస్తకం. తంబాకు వేళ్లతో తిప్పిన పేజీలు, మూలలు గోధుమరంగు పట్టి, కుట్లలో పొడి చేరి, తెరిస్తే తుమ్ము వచ్చేది. రసూల్ కరోనా ఏడు పోయాడు. మైయత్తు ముఖం కూడా చూడనివ్వలేదు, దూరంగా బండి పోతుంటే అరుగు మీద నిలబడి చూశారు. అయినా ఆయన మాట ఆగలేదు. ఎవరు తాళం తీసినా అరుగు గుమ్మం లోపలిదే, పుస్తకం అజాకు లోపలికే.

ఇదంతా పిల్లకు తెలియదు. ఎట్లా తెలుస్తుంది, అయిదో తరగతి నుంచీ హాస్టళ్లలోనే పెరిగింది. సెలవులకు వచ్చినన్ని రోజులూ వెంకటవ్వ అరుగు మొహం చూసేది కాదు, ఉన్న నాలుగు రోజులు పిల్లను కళ్లముందు నుంచి కదలనిచ్చేది కాదు. పోయేవాళ్ల దగ్గర ఉండటమే పనిగా బతికిన మనిషి. పి.జి.లో ఆఖరున ప్రాజెక్టు చేయాలన్నారు. ఒక చిన్న లైబ్రరీ పట్టుకుని ఏ పుస్తకం వాడుతున్నారు, ఏది వాడటం లేదు, ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని తేల్చాలి. "కలుపు తీసుడు లెక్కనే అమ్మమ్మా" అన్నది. మన పఠనాలయమే తీసుకుంటానన్నది. వెంకటవ్వ ఉబ్బిపోయింది. ఉబ్బిపోయి ఏం చేసింది, వాడకట్టంతా తిరిగి చెప్పింది. "పిల్ల పరీక్ష పని జేసుకుంటది, గా పనయ్యేదాక అరుగుమీదికి ఎవ్వలు పోకుండ్రి, మన లొల్లికి దానికి లెక్క తప్పుతది." ఎవరూ పోలేదు. రాబియా బీ సగం కథ మీద ఆకలిగా ఉండి కూడా పోలేదు. పిల్ల పొద్దంతా ఆ గదిలో ఒక్కతే కూర్చుని పుస్తకాల వెనక అట్టలు తిప్పి ముద్రలు చూసుకుంది, ఎవరైనా వస్తారా అని గుమ్మం వంక చూసింది, ఎవరూ రాలేదని రాసుకుంది. అరుగు మీద చదివినవాటికి ముద్ర ఉండదు. ముద్ర లేదు, చదివేవాళ్లు లేరు, పైగా పేజీలు మరకలు పట్టి చెడిపోయాయి. అన్నీ కలుపులోకి పోయాయి. పొలానికి పోయి పసుపు మొక్కను పీకి గడ్డిని నిలబెట్టినట్టు.

కథలాపూర్ వైపు పసుపు చేలల్లో కలుపుకు పోయిన రోజుల్లో ముసలి మేస్త్రీ అనేది, ఆకు చూసి పీకకు, వాసన చూసి పీకు అని. వెంకటవ్వకు కూడా వాసనే చెప్పింది. పోయిన వారం పఠనాలయం ముందు ఆగితే గదిలో రెండు కుప్పలు. గోడ పక్కన మెరిసే అట్టల కుప్ప, ఉద్యోగాల పరీక్షల గైడ్లు, ముద్రలు పడ్డవి. తలుపు దగ్గర సంచుల్లో కుక్కిన కుప్ప. గది కమిటీకి ఇప్పుడు నర్సింగ్ రావే పెద్ద, ఆ జాగాలో షట్టర్లు వేయించి కిరాయికి ఇవ్వాలని ఆయనకు ఎప్పటి నుంచో ఉంది. యూనివర్సిటీ ఈ రిపోర్టును పాస్ చేస్తే చాలు, చదువుకున్నవాళ్లే తేల్చారని చూపించి గది ఎత్తేస్తారు, సంచులు తుక్కు బండికి పోతాయి. ఈ సంగతంతా అక్కడున్న కమిటీ మనిషి మంచి కబురులా చెప్పాడు, "నీ మన్మరాలు మస్తు పని జేసింది పెద్దమ్మా" అని. వెంకటవ్వ సంచి మూతి విప్పింది. తుమ్ము వచ్చింది. తంబాకు. చెయ్యి పెట్టి ఒకటి తీసింది, ఇంకొకటి తీసింది, అన్నీ తనవే, అన్నీ తన గొంతులోంచి పోయినవే, మూల మూలకూ రాబియా బీ వేలిముద్రలు, తన వేలిముద్రలు, బతికి లేనివాళ్ల వేలిముద్రలు.

ఆ సాయంత్రం చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేది. పిల్ల అన్నం కంచం ముందు నుంచి లేవలేదు, తినలేదు. "గీ మాట ఇప్పుడు చెప్తవా అమ్మమ్మా? బైండింగు గూడ అయిపాయె." కాసేపటికి మళ్లీ, "అయితే నేను రాసిందంత అబద్ధం." అబద్ధం కాదు, చూసింది చూసినట్టే రాసింది కదా, దానికి చూపనిది ఎవరు. "మీరందరు ఎందుకు పోలే?" అని అరిచింది. "నీ కోసమేనే" అన్నది వెంకటవ్వ. పిల్ల ముఖం కొట్టినట్టు అయింది. తర్వాత మెల్లగా లెక్క చెప్పింది, ముద్ర లేని చదువు ఉందని ఒప్పుకుంటే మొత్తం పని మళ్లీ చేయాలి, వచ్చే ఏడు పట్టా, సిరిసిల్ల కొలువు చేజారినట్టే, గది మాత్రం ఇప్పటికి నిలుస్తుంది. ఊకోమని అన్నది వెంకటవ్వ. పుస్తకాలదేముంది, కాగితాలు. అన్న గొంతు తనదేనా అనిపించింది. పిల్ల ముఖం తిప్పుకుంది, ఇదిగో ఈ తలుపు లోపలికి పోయేదాకా ఇటు తిప్పలేదు.

తలుపు తెరుచుకుంది. కృపారాణి మేడం తల బయట పెట్టింది, ముఖం కందగడ్డలా ఉంది. "రుచిత వాళ్ల అమ్మమ్మ మీరే కదా. లోపటికి రండ్రి ఒకసారి." కాళ్లు లేచాయి, వెంకటవ్వ తర్వాత లేచింది. గదిలో బీరువాల నిండా పుస్తకాలు, వీపుల మీద నంబర్లు, కళ్లు పరుగెత్తబోతే నేలకు కట్టేసింది. పిల్ల కుర్చీలో నిటారుగా కూర్చుంది. చెప్పేసింది. ఆ కూర్చోవటంలోనే తెలుస్తోంది, శాంత కూడా నిజం చెప్పినప్పుడు ఇట్లాగే వీపు వంచకుండా కూర్చునేది. సారు చెడ్డవాడేమీ కాదు, నెరిసిన గడ్డం, మెత్తటి మాట.

"కూర్చో పెద్దమ్మా. మీ మనవరాలు ఒక మాట అంటున్నది. ఆ పుస్తకాలన్నీ మీరు అరుగు మీద కూసుని చదివి అందరికీ వినిపించిండ్రట. నిజమైతే ఈ పని నిలవదు, మళ్లీ చేయించాల్సి వస్తది. అట్లని కాగితం మీద ఒక్క గుర్తు కూడా లేకపాయె. అందుకే నిన్నే అడుగుతున్న. నిజమేనా?"

పిల్ల ఇటు తిరిగింది. ఇన్నాళ్లకు ఇటు చూసింది. చెప్పు అమ్మమ్మా అంటున్నాయి కళ్లు. ఆ కళ్ల వెనక సంచుల్లో పుస్తకాలు, రసూల్ ఈనెపుల్ల చెయ్యి, అరుగు మీద నీడ, రాబియా బీ ఆఖరికి ఏమైందే అని, సగంలో ఆగిన కథ. ఇంకోవైపు ఒక్క బస్సు, బోర్డు మీద ఒకే అక్షరం రెండుసార్లు. అది ఎక్కకపోతే పిల్ల ఏం చేస్తుంది. చాట ఒళ్లోకి వస్తుంది. ఒకసారి ఒళ్లోకి వచ్చిన చాట మళ్లీ దిగదు, తనకు తెలుసు, వాడకట్టంతటికీ తెలుసు.

"నాకు సదువు రాదు సారు" అన్నది వెంకటవ్వ.

కొంగు మొన వేలికి చుట్టుకుంది. "బీడీలు జేసుకునేటోళ్లకు సదువులెక్కడియి సారు. బడి మొహం గూడ సూడలే. పిల్లకు నేనంటే పానం. ఆ గది పోతదని బాధవడుతున్నమని గట్లన్నది. చిన్నప్పుడు నేను నోటికి కథలు చెప్పేదాన్ని, గవే యాదికున్నయేమో దానికి."

"అమ్మమ్మా" అన్నది రుచిత. అరుపు కాదు. కుర్చీలోంచి సగం లేచింది.

సారు ఆలోచిస్తూ పిల్ల ప్రాజెక్టు పుస్తకం తీసి వెంకటవ్వ చేతిలో పెట్టాడు. పరీక్షకో, ప్రేమకో తెలియదు. నల్ల అట్ట, మీద బంగారు అక్షరాలు, తలకిందులుగా వచ్చింది చేతిలోకి. తిప్పుకోవాలని వేళ్లు లాగాయి. తిప్పలేదు. తలకిందులుగా ఉన్నా కళ్లు చదివేస్తూనే ఉన్నాయి, రుచిత అన్న పేరు చదివాయి, కోరుట్ల అని చదివాయి, చూపును ఒక్కచోట మేకు కొట్టినట్టు నిలబెట్టింది, కదిలితే దొరికిపోతుంది. "మంచిగున్నది సారు, బొమ్మలేం లేవా దీంట్ల?" అన్నది. సారు నవ్వి, చెయ్యి చాపి పుస్తకాన్ని సరిగ్గా తిప్పి పెట్టాడు, చిన్నపిల్ల చేతిలో పలక తిప్పినట్టు. కృపారాణి మేడం ఊపిరి వదిలింది. "నువ్వు బాగ చదివించినవు పెద్దమ్మా, చదువు లేకున్నా" అన్నాడు సారు. కాగితం మీద కలం గీసిన చప్పుడు వినపడింది. బీడీ ఆకు కత్తిరించినట్టుంది ఆ చప్పుడు.

బస్టాండులో ఎండ నెత్తిన మండుతోంది. రుచిత రెండడుగులు ముందు నడిచింది. ఇప్పటికి తుక్కు బండి వచ్చి ఉంటుందా, రాబియా బీకి ఏం చెప్పాలి, కథ ముగియలేదని చెప్పాలా, ముగిసిందని చెప్పాలా. కరీంనగర్ పోవటానికి పరీక్ష సారు కూడా అక్కడే వేపనీడన నిలబడి ఉన్నాడు, వీళ్లను చూసి చెయ్యి ఊపి దగ్గరికి వచ్చాడు. "పెద్దమ్మకు బస్సు చూపించమ్మా, బోర్డులు తెలియవు పాపం" అన్నాడు, మనసులో ఏ కల్మషమూ లేకుండా. రుచిత అమ్మమ్మ వంక చూసింది. వెంకటవ్వ బస్సుల వంక చూడలేదు, కొంగు తల మీదికి లాక్కుని నేల చూస్తూ నిలబడింది. చదువురాని ముసలిది ఎట్లా నిలబడుతుందో అట్లా.

అప్పుడు పిల్ల దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. ఒక్కొక్క బస్సు వైపు చెయ్యి చూపిస్తూ, పెద్ద గొంతుతో, అక్షరం అక్షరం విడదీసి చదవటం మొదలుపెట్టింది. "గది ధర్మపురి పోతది అమ్మమ్మా. గది మెట్‌పల్లి." వెంకటవ్వ ప్రతిదానికీ తల ఊపింది. ఆ తర్వాతి బోర్డు దగ్గర పిల్ల గొంతు ఆగింది. మళ్లీ అందుకుని చదివింది.

"గది, సి... రి... సి... ల్ల."

"అవునా బిడ్డ" అన్నది వెంకటవ్వ. "నాకేం తెలుసు."